చెప్పుల పక్కన స్టూలు

నాకు కోపం ఎక్కువ. పోలియో వచ్చిన కాలి గురించి ఎవరన్నా అడిగితే మాట మార్చేస్తాను గానీ, కోపం సంగతి ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. మా ఇంట్లో అందరూ దాని రుచి చూసినవాళ్ళే. కానీ ఆ కోపంలో ఒక మధ్యాహ్నం గుడివాడలో నేను చేసిన పని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

తొంభైల చివర్లో ముదినేపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేదాన్ని. కుడికాలికి తొడ దాకా ఇనుప పట్టాల కాలిపర్, దాని చివర బిగించిన బూటు, చేతిలో కర్ర. నా పక్క సీటు టైపిస్టుది. నాకన్నా ఆరేళ్ళు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. నాతో నడిచేటప్పుడు తనకో పద్ధతి ఉండేది. చెయ్యి పట్టుకునేది కాదు, నెమ్మది నెమ్మది అని హెచ్చరించేదీ కాదు. నేను వెనకబడితే కొంగు సర్దుకునే వంకతోనో, గోడమీద పోస్టరు చదివే వంకతోనో ఆగేది. ముదినేపల్లి గోడల మీద పోస్టర్లన్నీ తనకి కంఠతా వచ్చి ఉండాలి.

తనకి పెళ్ళి కుదిరింది. పెళ్ళి బట్టలకి మామూలుగా ముత్తయిదువల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. పెళ్ళికాని, పెళ్ళవుతుందన్న ఆశ కూడా పోయిన నాలాంటిదాన్ని ఎవరూ పిలవరు. ఆ సంగతి తనకి తెలియక కాదు. అయినా వాళ్ళమ్మ బయల్దేరబోతే వద్దంది.

"మా అమ్మకి పసుపు చీర, ఎర్రంచు తప్ప ఇంకోటి తెలీదు. నువ్వు చూడందే నేను కొననక్కా," అంది.

పైకి "నీ చాదస్తం," అన్నానే గానీ, ఆ రాత్రి ఎంత పొంగిపోయానో నాకే తెలుసు. రెండో శనివారం ఆఫీసు లేదు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని తనతో గుడివాడ బస్సెక్కాను.

మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన పెద్ద బట్టల కొట్టు అది. పట్టుచీరలు మేడమీద. అక్కడ తెల్లటి పరుపులు పరిచి, వాటిమీద కూర్చోబెట్టి చూపిస్తారు. అందుకని చెప్పులు కిందే వదిలెయ్యాలి. నా బూటు ఊడాలంటే కాలిపర్ మొత్తం విప్పాలి. అది విప్పితే నేను మెట్టెక్కడం కాదు గదా, గడప కూడా దాటలేను.

"చీరలే కిందకి తెప్పించండి," అని అడిగింది తను.

"పట్టు కిందకి దించమండి, మాసిపోతాయి. ఆవిణ్ణి ఇక్కడ కూర్చోబెట్టి మీరెళ్ళి చూసుకోండి," అన్నాడు కౌంటరు దగ్గర మనిషి. గుమ్మం పక్కన ఒక స్టూలు చూపించాడు.

"రెండు నిమిషాలక్కా, పైకెళ్ళి మాట్లాడి వస్తా," అని తను మెట్లెక్కింది.

ఆ స్టూలు చెప్పులు విడిచే చోట ఉంది. కాసేపటికి ఇద్దరాడవాళ్ళు వచ్చారు. అందులో పెద్దావిడ నా బూటు వంక, కర్ర వంక చూసి, తన చెప్పుల్ని కాలితో నా స్టూలు కిందకి నెట్టింది.

"కాస్త ఇయ్యి చూస్తా ఉండమ్మా, కొత్తయ్యి," అంది.

ఆవిడ్ని తప్పు పట్టడానికి లేదు. గుడి దగ్గరైనా, పెద్ద కొట్ల దగ్గరైనా చెప్పులు కాసే పనిలో కాలో చెయ్యో సరిగ్గా లేనివాళ్ళే కూర్చుంటారు. ఆవిడ అలవాటుగా అనేసింది. నేను కాదండీ అంటే అయిపోయేది. ఆవిణ్ణి చూసి రెండో ఆవిడ, వాళ్ళని చూసి వెనకొచ్చిన కుటుంబం, అందరూ నా కాళ్ళ దగ్గరే విడిచి వెళ్ళారు. నా చేతికి వాచీ ఉంది, ఒళ్ళో హ్యాండుబ్యాగు ఉంది. అవేమీ ఎవరికీ కనపడలేదు. పైనుంచి ఆడవాళ్ళ నవ్వులు వినపడ్డాయి. అందులో ఒక నవ్వు తనదే అనిపించింది.

అరగంటయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మీద రావలసిన కోపమంతా తన మీదకి మళ్ళింది. వాళ్ళమ్మని వద్దని నన్ను తెచ్చింది ఇందుకా అనుకున్నాను. కాసేపు వెతుక్కోనీ, అప్పుడు తెలుస్తుంది అనుకుని లేచి బయటికొచ్చేశాను. రోడ్డుకి అవతల సోడా బండి అతను చెయ్యి అడ్డం పెట్టి ఒక రిక్షాని ఆపితే రోడ్డు దాటాను. అతని బండిని ఆనుకునే గాజుల కొట్టు ఉంది. లోపలికెళ్ళి కూర్చుని గాజులు చూపించమన్నాను.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఎదురుగా బట్టల కొట్టు మెట్ల మీంచి తను దిగింది. వెనకాల ఒక మనిషి రెండు చేతుల నిండా పట్టుచీరలు మోసుకుంటూ దిగాడు. ఎవర్ని బతిమాలిందో, ఎంతసేపు బతిమాలిందో, నా కోసం చీరల్ని కిందకి దింపించింది. తీరా స్టూలు ఖాళీ. తను గుమ్మంలోకొచ్చి అటూ ఇటూ చూసింది. ఆ మనిషి కాసేపు నిలబడి, విసుక్కుంటూ చీరలన్నీ మళ్ళీ పైకి మోసుకుపోయాడు.

నేను అప్పుడే లేచి వెళ్ళాల్సింది. ఎందుకొచ్చేశావంటే ఏం చెప్పను? వేలాడుతున్న గాజుల గుత్తుల వెనక్కి జరిగాను.

తను రోడ్డు దాటి సోడా బండి దగ్గరికే వచ్చింది. నాకు మూడు బారల దూరం.

"బాబాయ్ గారూ, మా అక్క ఇటేమన్నా వచ్చిందాండీ?"

"ఎట్టా ఉంటారమ్మా?"

"ఆకుపచ్చ చీర కట్టుకుంది. కళ్ళజోడు ఉంటుంది. నాకన్నా కొంచెం పొడుగు."

"అట్టాంటోళ్ళు చాలామంది పోతుంటారమ్మా. ఇంకేదన్నా ఆనవాలు చెప్పు."

తను ఆలోచించింది. కుంటుతుంది అంటే చాలు. కర్ర ఉంటుంది అన్నా చాలు. అతను చెయ్యెత్తి గాజుల కొట్టు చూపించేవాడు.

"జడ పొట్టిగా ఉంటుందండీ," అంది. మళ్ళీ కాసేపు ఆగి, "గోధుమరంగు బ్యాగు," అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. తను బండికి అటుపక్కనున్న కొట్టుకెళ్ళింది. అక్కడా అదే చీర, అదే కళ్ళజోడు, అదే జడ. ఆ పై కొట్లో అడిగేటప్పటికి గొంతులో ఏడుపు వినపడింది. వీధి వీధంతా నన్ను వెతికింది గానీ నా కాలి ఊసు మాత్రం ఎత్తలేదు. నేను గాజుల గుత్తుల సందులోంచి చూస్తూ కూర్చున్నాను. తను బస్టాండు వైపు మళ్ళాక గానీ లేవలేదు.

కర్ర పోటేసుకుంటూ బయటికొస్తుంటే సోడా బండి అతను నన్ను గుర్తుపట్టాడు. "అయ్యో, ఆయమ్మ ఎతికింది మీ కోసమేనామ్మా? కాలు సంగతి చెప్పుంటే నేనే చూపించేవాణ్ణి గదా," అన్నాడు.

"నా కోసం కాదులెండి," అన్నాను.

బస్టాండుకి వెళ్ళే మొహం లేక ఆటో మాట్లాడుకుని ఇంటికొచ్చి పడుకున్నాను. లైట్లు వేసే వేళకి తను మా గుమ్మంలోకి వచ్చింది. మొహమంతా దుమ్ము, చేతిలో చీర లేదు. బస్టాండులో ముదినేపల్లి వైపు వచ్చే ప్రతి బస్సూ ఎక్కి వెతికిందట. నన్ను చూడగానే హమ్మయ్య అంటూ గడప మీదే కూలబడింది. కడుపునొప్పి వచ్చిందని చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాను. నాకా అవసరం కూడా రాలేదు.

"తప్పు నాదేలే అక్కా," అంది. "మెట్లున్నాయో లేదో ముందే కనుక్కోవాల్సింది. నిన్నట్టా గుమ్మంలో కూర్చోబెట్టి వెళ్ళకూడదు."

"పర్లేదులే," అన్నాను నేను.