బండి మీద దిక్సూచి

మా నాన్న సర్వే ఆఫీసులో నేల కొలిచే గొలుసు లాగే పని చేసి రిటైరయ్యాడు. గొలుసు ప్రభుత్వానిది కనుక అప్పజెప్పాడు. దిక్సూచి తన సొంతం కనుక ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ తరవాత మా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందన్నా ఉత్తరానికి ఎన్ని డిగ్రీలో చెప్పాల్సి వచ్చేది. అమ్మ మాత్రం, "ఉప్పుజాడీ పొయ్యి పక్కనుంది, తీసుకోండి" అనేది.

అది అరవైల మొదట్లో. పర్చూరు పక్క మా చేలో తాత నాటి హద్దురాయి కనపడకుండా పోయింది. నల్లరేగడి అంతే, దొరికిందల్లా మింగేస్తుంది. ఆ రాయికి అటు పెదనాన్న మిరపతోట, ఇటు మా పత్తి. రాయి పోయిన రెండేళ్లకు అన్నదమ్ముల మధ్య మాటలూ పోయాయి. పెదనాన్న మా గడప తొక్కడం మానేశాడు. నాకు అదే బాధ.

నాన్న పాత సర్వే పటం ముందేసుకున్నాడు. కదలని రాళ్లు రెండున్నాయి, ఒకటి కాలవగట్టు మీద, ఒకటి తుమ్మచెట్టు కింద. వాటి నుంచి పోయిన రాయికి పటంలో గీతలు గీసి, కోణాలు కొలిచాడు. చేలో ఆ రెండు చోట్లా దిక్సూచి పెట్టి అవే కోణాల్లో చూస్తే, చూపులు ఎక్కడ కలిస్తే అక్కడ రాయి. కలిశాయి. పెదనాన్న తోటలో, నాలుగు సాళ్లు లోపలికి.

"చూశావా, మన నేలే అటు పోయింది" అని నాన్న మీసం దువ్వాడు.

నేనప్పుడు టీచరు ట్రైనింగు నుంచి సెలవులకు వచ్చాను, కాస్త పొగరు కూడా ఉండేది. ఇంకోసారి చూద్దామని మర్నాడు వెంట వెళ్లాను. బురదలో కాలు దిగబడుతుందని నాన్న ముందురోజు లాగే ఎద్దులబండిని కాలవగట్టు రాయి దాకా తోలించి, దిక్సూచిని బండి మీదే పెట్టాడు.

"నాన్నా, చక్రాలకు ఇనపకట్టు, కింద ఇనప ఇరుసు. సూది ఉత్తరం చూస్తుందా, ఇరుసును చూస్తుందా?"

ముప్పై ఏళ్ల సర్వీసు నావంక గుర్రుగా చూసింది.

"ఆఫీసరుగారు చెక్క ముక్కాలి మీద పెట్టేవారులే. నేను గొలుసు పట్టుకుని అల్లంత దూరాన ఉండేవాణ్ణి" అన్నాడు చివరికి, మెల్లగా.

బండిని దూరంగా తోలించి, చెక్కపీట మీద పెట్టి రెండు చోట్లా మళ్లీ చూశాం. ఈసారి చూపులు మా పత్తిలో కలిశాయి. అక్కడ తవ్వితే మోచేతి లోతున పలుగు రాయికి తగిలి ఖంగుమంది. అంటే పెదనాన్నవి మూడు సాళ్లు మేమే దున్నుకుంటున్నాం.

నాన్న గుంట పూడ్చేస్తాడనుకున్నాను. పూడ్చలేదు. తిన్నగా పెదనాన్న కలుపు తీస్తున్న చోటికి వెళ్లాడు.

"అన్నయ్యా, తప్పు నాదే. రాయి దొరికింది. మూడు సాళ్లు నీవి."

పెదనాన్న తలెత్తలేదు. "నాకు తెలుసురా. నాయన అది పాతించినప్పుడు రాయి పట్టుకుంది నేనే. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు."

"మరి చెప్పలేదేం?"

"పటాన్నడిగావు, సూదినడిగావు. ఇంత పక్కనే ఉన్నాను, నన్నడిగావట్రా?"

నాన్న గట్టు మీద కూలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇరుసు సంగతి కనిపెట్టాను గానీ, పెదనాన్నను అడగాలని నాకూ తట్టలేదు.