ఎర్ర గుర్తు పెట్టిన రేకులు

సిమెంటు రేకులో మనిషి ప్రాణం తీసే గుణముందని చిత్తూరు జిల్లాలో మొదట చెప్పినవాణ్ణి నేనే అయివుంటాను. నమ్మనివాళ్ళలో మొదటివాడెవడో మాత్రం చెప్పలేను, అంతమంది ఉన్నారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో చిన్న ఇంజనీరింగు ఆఫీసు పెట్టుకొని ఈగలు తోలుకుంటున్నాను. చిత్తూరులో ఒక ట్రస్టువాళ్ళ ఆడపిల్లల హాస్టలు బాగుచేయడానికి విదేశాల దాతలు ఒప్పుకొని, ఒక మెలిక పెట్టారు. పని మొదలుకాకముందే కట్టడంలో ఆస్‌బెస్టాస్ ఎక్కడెక్కడుందో ఎవరైనా చూసి చెప్పాలట. తలెత్తితే కనబడేదానికి ఇంజనీరెందుకని హాస్టలు సెక్రటరీ నన్నే అడిగాడు. పాత కట్టడం విప్పితే మంచి దూలాలూ తలుపులూ ఇంజనీరు ఇంటికి పోవడం మావైపు ఆనవాయితీ. నేను అలాంటివాణ్ణి కాదని ఆయనకు మొదటిరోజే గట్టిగా చెప్పాను. గట్టిగా చెప్పేవాళ్ళకే ఎక్కువ ముట్టజెప్పాలని ఆయన అనుభవం కాబోలు, మర్యాద రెట్టింపు చేశాడు.

పని ఒప్పుకున్నాక పుస్తకాలు తిరగేశాను. రేకులో సిమెంటుతో కలిపిన సన్నటి ఆస్‌బెస్టాస్ పోగులుంటాయి. కోసినా, తొలిచినా, పగిలినా పొడై లేస్తాయి. ఊపిరితిత్తుల్లో దిగితే అక్కడే తిష్ఠవేస్తాయి. జబ్బు ఏళ్ళకేళ్ళు దాక్కొని ఎప్పుడో బయటపడుతుంది. అది చదివినప్పటినుంచి నాకు కంటిమీద కునుకులేదు. నా భార్య అప్పుడు పలమనేరులో పుట్టింట పురిటికుంది. ఆమె తండ్రి, అంటే నా మేనమామ, బిడ్డ పుట్టేలోగా వెనక పంచకు రేకులేయించాలని పంతం పట్టాడు. పాతవేమైనా దొరికితే చూడమని ఫోను చేసినప్పుడల్లా అడిగేవాడు. ఆ ఊసెత్తొద్దని, బోదగడ్డి కప్పించుకోమని కసురుకునేవాణ్ణి. అల్లుడికి బిగువెక్కువని ఆయన అనుకున్నాడు.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని హాస్టల్లోకి దిగాను. వంటగదిలో పగిలిన రేకు ముక్కమీద సాంబారు గుండిగ దించిపెట్టారు. నీళ్ళు కాచే బాయిలరు గొట్టానికి చుట్టిన తెల్లటి తాడు పీచులుగా ఊడుతోంది. వార్డెనమ్మ ఒక పీచు గిల్లి, గిన్నెలు తోమడానికి దీన్ని మించింది లేదని చూపించింది. ముట్టుకోవద్దమ్మా అన్నాను. ఆమె చేయి చీరకు తుడుచుకొని, అదే చేత్తో కాఫీ తెచ్చి ఇచ్చింది. నీళ్ళు చిలకరించి, చిన్న ముక్కలు విరిచి, సంచుల్లో కట్టి మద్రాసు ల్యాబుకు పంపాను. కొండమీది ప్రసాదం ఇంత భద్రంగా కట్టరని సెక్రటరీ మెచ్చుకున్నాడు.

పంపిన ముక్కలన్నింటిలోనూ ఆస్‌బెస్టాస్ ఉందని ల్యాబువాళ్ళు తేల్చారు. వాటిలోనూ అధ్వాన్నంగా పెచ్చులూడుతున్న రేకులకు నేనే నిచ్చెనెక్కి ఎర్రరంగుతో గుర్తులు పెట్టాను. ఆ రోజే మామ పలమనేరు నుంచి బస్సెక్కి నన్ను చూసే నెపంతో వచ్చి, కప్పుకేసి ఆశగా చూసి వెళ్ళాడు. పాత కప్పు విప్పే పని పట్టిన కంట్రాక్టరుకు ఆయన్ని పరిచయం చేసింది కూడా నేనే. మామ వెళ్ళాక కంట్రాక్టరును పక్కకు పిలిచాను. గుర్తు పెట్టినవాటిని తడిపి, పగలకుండా దించాలి, విడిగా ఉంచాలి, పట్టలో చుట్టి గోతిలో పూడ్చాలి, బయటివాళ్ళకు ఒక్క ముక్క పోకూడదని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అర్థమైంది సార్. మీరు నోరు తెరిసి అడగాల్సిన పనిల్యా."

ఇంత తెలివైనవాడు దొరికినందుకు ఆ రోజు నేను పొంగిపోయాను.

కూతురు పుట్టిందని కబురొస్తే పలమనేరుకు పరుగెత్తాను. వెనక పంచకు కొత్తగా కప్పు వేశారు. దానికింద చీర ఉయ్యాల, అందులో నా బిడ్డ నిద్రపోతోంది. తలెత్తి చూశాను. నా చేత్తో పెట్టిన ఎర్ర గుర్తులు వరసగా ఉన్నాయి.

మామ మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"ఎంత గుట్టబ్బా నీకు! నాతో వద్దు వద్దంటానే మేలైనవి ఏరి పక్కన పెట్టించినావంట. కంట్రాక్టరే చెప్పి ట్రాక్టరులో పంపించినాడు. సంతలో బేరమైన గొర్రెకు పూసినట్టు రంగు గూడా పూసినావు, ఒగటి గూడా మారిపోకుండా."

బిడ్డను లోపలికి తీసుకుపొమ్మన్నాను. ఇంత చల్లటి చోటు లోపల యాడుండాదని అత్త నన్ను కోప్పడింది. కొక్కేలు బిగించడానికి పొద్దుననే రేకులకు బెజ్జాలు వేశారట. బిడ్డ మీద కాస్త సున్నం రాలిందంటూ ఉయ్యాలలోని తెల్లటి పొడిని కొంగుతో గట్టిగా దులిపింది.

బిడ్డ తుమ్మింది.

"నిండు నూరేండ్లు," అంది అత్త.