రాబర్ట్‌సన్‌పేటలో పాతాళసింహం

ఓబలప్పకు అరవై దాటాక సూపర్ హీరో ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం భోజనానికి గంట విరామం.

అంతకుముందు ఆయన కేజీయఫ్ బంగారు గనుల్లో ఒకటైన ఛాంపియన్ రీఫ్‌లో పనిచేశాడు. పుంగనూరు వైపు నుంచి వచ్చిన తాత గనిలో దిగాడు, తండ్రి దిగాడు, ఈయనా దిగాడు. గని మూతపడ్డాక, గని కూలీల ఇళ్ల లైన్లలో చాలామందిలాగే తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు పోయి, ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబడ్డాడు. కొన్నేళ్లకు ఆ గేటు తనంతట తానే తెరుచుకునే ఏర్పాటు చేశారు. ఓబలప్ప ఇంటికొచ్చేశాడు. ఆయన ఇంట్లో కూర్చోవడం భార్య సొన్నమ్మకు పడలేదు.

ఆ దీపావళికి కేజీయఫ్ బజారు రాబర్ట్‌సన్‌పేటలో మూర్తి అనే ఆయన మూడంతస్తుల బట్టల దుకాణం తెరిచాడు. లిఫ్టు కూడా పెట్టించాడు. పిల్లలు చూడగానే ఆగిపోయేలా వాకిట్లో సూపర్ హీరో వేషంలో ఒక మనిషిని నిలబెట్టాలనుకున్నాడు. పనికోసం వెళ్లిన ఓబలప్ప చేతిలో ఒంటికి అతుక్కునే డ్రెస్సు ఒకటి పెట్టాడు.

"నాతో కాదు సార్," అన్నాడు ఓబలప్ప. "ఈయప్ప ఎవురో నాకు తెలీదు. తెలీనోళ్ల వేషం ఎట్ల వేసేది?"

"తెలిసినోళ్లెవరైనా ఉండారా?"

"పాతాళసింహం ఉండాడు."

పాతాళసింహం ఓబలప్ప చిన్నప్పటి బొమ్మల పుస్తకాల వీరుడు. లైన్ చివర మంగలి అంగట్లో ఆ పుస్తకాలు ఉండేవి. క్షవరం అవసరం లేని పిల్లలు కూడా బల్లమీద కూర్చుని చదివేవాళ్లు. పాతాళసింహానికి సింహం ముసుగు, గోధుమరంగు కండువా. ఎగరడం రాదు. మాయలు లేవు. గుహల్లోనో బావుల్లోనో ఎవరైనా చిక్కుకున్నారని తెలిస్తే నడిచి వస్తాడు. నడిచి వస్తాడు కాబట్టి ఆలస్యమవుతుంది. కానీ రాకపోవడమన్నది ఎప్పుడూ లేదు. గనిలోకి దిగిన నాన్న సాయంత్రం ఇల్లు చేరేదాకా ఎదురుచూసే పిల్లలకు ఆ వీరుడు బాగా నచ్చాడు.

మూర్తి ఒప్పుకున్నాడు. ఆయనకు ఏ సింహమైనా ఒకటే. సొన్నమ్మ పాత కర్టెన్లు కత్తిరించి వేషం కుట్టింది.

"తోక వద్దా?" అని అడిగింది.

"ఆయనకి తోక లేదే."

"సింహం కదా."

"మనిషే. ముసుగొకటే సింహం."

మొదటి రోజే ఒక సంగతి తేలిపోయింది. పిల్లలకు పాతాళసింహం ఎవరో తెలియదు. వాళ్లు ఆయన్ను చూసి కుక్క అనుకున్నారు. ఆగినవాళ్లంతా పిల్లల తండ్రులు, తాతలు. బట్టతల ఒకాయన బిడ్డను భార్యకిచ్చి, చొక్కా సర్దుకుని, పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఇంకొకాయన ఓబలప్ప చేయి పట్టుకుని కాసేపు నిలబడి, ఆ తర్వాత లుంగీలు కొన్నాడు. మగవాళ్ల బట్టల బేరం పెరిగిందని మూర్తి గమనించాడు. కారణమేమిటని ఓబలప్పను అడిగితే, "మంచి మనిషి సార్ ఆయప్ప," అన్నాడు.

పండుగకు ముందు ఆదివారం కరెంటు పోయింది. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగింది. లోపల నలుగురున్నారు. జనరేటరు వేసినా అది కదలలేదు. మెకానిక్ కోలారు నుంచి రావాలి. మూర్తి ఫోన్లో అరుస్తున్నాడు, లోపల ఒక ఆడమనిషి అంతకంటే గట్టిగా అరుస్తోంది.

ఓబలప్ప మెట్లెక్కి పైకొచ్చాడు. ఆయనకు లిఫ్టు బాగుచేయడం రాదు. గనిలో మనుషుల్ని దింపే ఇనప పెట్టె ఒకసారి నడుమ ఆగిపోయినప్పుడు ఆయన అందులో ఉన్నాడు. ఆ చీకట్లో పైనుంచి మనిషి గొంతు వినపడడం ఎంత పెద్ద సంగతో ఆయనకు తెలుసు. అందుకని కండువా మడిచి కిందేసి, తలుపు పక్కన కూర్చున్నాడు.

"లోపల ఎవురమ్మా?"

"నరసమ్మ! మా ఊరు క్యాసంబళ్ళి! ఊపిరాడల్లేదప్పా! నువ్వెవరు?"

ఓబలప్ప ఆలోచించాడు. ఓబలప్ప అని చెబితే ఆమెకు ఒరిగేదేమీ లేదు.

"పాతాళసింహం," అన్నాడు.

లోపల అరుపు ఆగింది.

"ఇంత లేటుగానా?" అంది నరసమ్మ.

"నడిచొచ్చినా గదమ్మా."

నరసమ్మే మళ్లీ అడిగింది. "అయితే ఒకటి చెప్పు. నల్లగుట్ట కతలో గుడ్డిగుర్రం పాడుబావిలో పడుతుంది గదా. ఇంగ ఏమైంది? మాయన్న తెచ్చిన పుస్తకంలో ఆకరి పేజీ లేదు. మాయమ్మ చించి బొరుగులు పొట్లం కట్టేసింది."

"మొదట్నించి చెప్పల్నా?"

"మొదట్నించే చెప్పు. ఈడ ఇంగో ముగ్గురుండారు, వాళ్లకి తెలీదు."

ఓబలప్ప చెప్పడం మొదలుపెట్టాడు. దొంగలు వచ్చారు, ఊరు తగలబడింది, జనం గుహలో దాక్కున్నారు, గుహ మూసుకుపోయింది. గుర్రం ఒక్కటే వాసన పట్టి పాతాళసింహాన్ని గుహ దాకా తీసుకెళ్లింది. జనం బయటపడ్డారు, తిరుగుదారిలో గుర్రం పాడుబావిలో పడింది. ఈలోగా దుకాణం మెట్లమీద జనం చేరారు. చీరలు చూపించే అమ్మాయిలు చీరలు వదిలేసి వచ్చారు. మధ్యలో ఎవరో దగ్గితే లోపలినుంచి నరసమ్మ, "ఎవురది? సుమ్మనుండండి," అంది.

మెకానిక్ వచ్చి, పైన ఏదో తిప్పి, లిఫ్టును మెల్లగా కిందికి దింపి తలుపు తెరిచాడు. నలుగురూ లోపలే నిలబడి ఉన్నారు.

"రండమ్మా, అయిపోయింది," అన్నాడు మూర్తి.

"యాడైపోయింది? గుర్రం ఇంగా బావిలోనే ఉండాది," అంది నరసమ్మ.

ఓబలప్ప తక్కిన కథ చెప్పాడు. పాతాళసింహం బావి పక్కనుంచి వాలుగా సొరంగం తవ్వాడు. గుర్రం ఆయన గొంతు విని, దాని వెంబడే మెల్లగా నడుచుకుంటూ వెలుగులోకి వచ్చింది. నరసమ్మ తల ఊపింది. అప్పుడు బయటికి వచ్చి, ముసుగు వైపు ఒకసారి చూసి, "నేను అట్లే అనుకొన్నా," అని, ముందే ఎంచి పెట్టిన పట్టుచీర తీసుకోవడానికి వెళ్లింది.

ఇంటికొచ్చాక ఓబలప్ప ఇదంతా సొన్నమ్మకు చెప్పాడు.

"మంగలి అంగడి పుస్తకంలోనూ ఆకరి పేజీ లేదు," అన్నాడు. "గుర్రం బతికిందని నేనే చెప్పేసినా."

సొన్నమ్మ అన్నంలో చారు పోసింది. "లిఫ్టులో ఉండే మనిషికి గుర్రం సచ్చిపోయిందని ఎవురన్నా చెప్తారా? తిను."

పండుగతో ఉద్యోగం అయిపోయింది. కానీ ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది. ఇప్పుడు ఓబలప్పను ఫంక్షన్లకు పిలుస్తున్నారు. పిల్లల పుట్టినరోజులకు కాదు, ఎక్కువగా అరవయ్యేళ్ల పండుగలకు. మొన్న టేకల్‌లో అలాంటిదే ఒకటి జరిగింది. పాతాళసింహం వేదిక ఎక్కగానే, దండ మెడలో ఉన్న పెద్దాయన భార్యను కొంచెం పక్కకు జరగమన్నాడు. ఫోటోలకే గంట పట్టింది.

భోజనాల దగ్గర ఓబలప్ప ముసుగు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒబ్బట్లు వడ్డిస్తున్న ఆమె ముఖం చూసి అనుమానంగా ఆగింది.

"ఎవురి పక్క సుట్టమప్పా నువ్వు?"

"కేజీయఫ్ నించి వచ్చినానమ్మా."

"అంత దూరంనించా?" అని, ఆమె ఇంకో ఒబ్బట్టు వేసి నెయ్యి పోసింది.