జనం లెక్కలో మనిద్దరం

మా ఎదురింటి బాబాయి గారు పోయారు. శుక్రవారం తెల్లారగట్ల, నిద్రలోనే. పాలు పోసే అతను గుమ్మంలో నిలబడి పిలిచి పిలిచి, చివరికి మా అరుగు దగ్గరికి వచ్చి "తాతగారు పలకట్లేదండి, ఓసారి చూస్తారా" అన్నాడు. నేను వెళ్ళేసరికి ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. అప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు. రేపు మ్యాచ్ పెట్టుకుని ఈ మనిషి ఇవాళ పోవడమేమిటి, అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

ఏం మ్యాచ్ అని అడుగుతారు. ఇంగ్లండులో ఒక ఏటి ఒడ్డున చిన్న ఊరుంది. ఆ ఊరికో ఫుట్‌బాల్ క్లబ్బుంది. టీవీలో రాదు, పేపర్లో పడదు. పెద్ద పెద్ద క్లబ్బుల చొక్కాలు వేసుకుని అమలాపురంలో బళ్ళ మీద తిరిగే కుర్రాళ్ళు కూడా దాని పేరు విని ఉండరు. మామిడికుదురు నుంచి అల్లవరం దాకా గాలించినా దానికి అభిమాని ఒక్కరే, ఆయన మా ఎదురింట్లో ఉండేవారు. క్లబ్బు పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు ఫోనులో వెతుకుతారు, అక్కడ కనిపించేది ఆయన చెప్పిన క్లబ్బు కాదు. ఆయనా పేరు పెట్టి అనేవారు కాదు, "మనోళ్ళు" అనేవారు. ఓసారి పంచాయతీ ఎన్నికల రోజుల్లో "మనోళ్ళు ఓడిపోయేరండీ" అని దిగులుగా అంటే, దారిన పోయే ఒకాయన సైకిలు ఆపేసి "ఏ వార్డులోనండీ?" అని కంగారుపడ్డాడు.

బాబాయి గారు వయసులో ఉండగా మస్కట్‌లో ఒక కంపెనీ క్యాంపులో వంట చేసేవారు. అక్కడొక ఇంగ్లీషు సూపర్వైజరు ఉండేవాడట. శనివారం సాయంత్రం పని దిగాక అందరూ బజారుకి పోతే, కూడా పోవడానికి ఎవరూ లేనివాళ్ళు క్యాంపులో ఇద్దరే మిగిలేవారు. ఒకరు దొర, ఒకరు ఈయన. దొర రేడియో పక్కన కూర్చుని వాళ్ళ ఊరి క్లబ్బు స్కోరు కోసం చెవి ఒగ్గి వినేవాడు. ఈయన టీ పెట్టి ఇచ్చేవారు. ఒక రోజున దొర ఈయన్ని కూడా కూర్చోమన్నాడు. అలా మొదలైంది. ఈయనకి వచ్చిన ఇంగ్లీషు వంటింటి ఇంగ్లీషు, దొరకి తెలుగు అక్షరం రాదు. అయినా క్లబ్బు పుట్టుక దగ్గర్నుంచి మొత్తం చరిత్ర ఈయనకి ఎక్కించాడు. "నాకెందుకు చెప్పేడో తెలుసా అమ్మా? వినేవోడు లేడు. ఎవడో ఒకడు వినకపోతే అదంతా ఆయనతోటే పోద్ది కదా" అనేవారు బాబాయి గారు.

దొర ఉద్యోగం మాని వెళ్ళిపోతూ తన మఫ్లరు ఈయన మెడలో వేశాడు. నీలం, తెలుపు చారల ఉన్ని మఫ్లరు. ఈయన దాన్ని శనివారం సాయంత్రం తప్ప బయటికి తీసేవారు కాదు, శనివారం మాత్రం రోహిణీ కార్తెలోనైనా వదిలేవారు కాదు. మన ఎండల్లో ఉన్ని మఫ్లరు చుట్టుకుని అరుగు మీద కూర్చున్న మనిషిని చూసి "పడిశం పట్టిందాండీ?" అని అడగని వాళ్ళు లేరు. "ఆయ్, పాత పడిశవండీ, తగ్గదు" అనేవారు.

పిన్నిగారు పోయిన తర్వాత నేను ఈ వీధికి కోడలిగా వచ్చాను కాబట్టి ఆవిణ్ణి నేను ఎరగను. పిల్లలు లేరు. నేను వచ్చేటప్పటికే ఈయన కళ్ళు మసకబారుతున్నాయి. రేడియోలో ఆ స్కోర్లు రావడం మానేసి చాలాకాలమైంది. ఫోనులో ఆట ఎలా నడుస్తోందో వాక్యం వెనక వాక్యం ఇంగ్లీషులో పడుతూ ఉంటుంది, అదొక్కటే దారి. ఆ అక్షరాలు ఆయనకి ఆనడం మానేశాక ఒక శనివారం వీధి దాటి వచ్చి, "అమ్మాయ్, డిగ్రీ చదువుకున్నావు కదా, ఈ ముక్క కాస్త చదివిపెట్టు" అన్నారు. అప్పటికి మా ఆయన మస్కట్ వెళ్ళి నెల కూడా కాలేదు. నేను మిషను ముందు కూర్చుని, ఒకే జాకెట్టు కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం చేస్తున్నాను. ఆ రోజు చదివిన ముక్కలో నాకు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ నేను చదువుతున్నది ప్రాణం పెట్టి వినే మనిషి ఎదురుగా ఉన్నాడన్న సంగతి అర్థమైంది. వచ్చే శనివారం ఎప్పుడొస్తుందా అని చూశాను.

శనివారాలకి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే ఆటోలో అప్పనపల్లి వెళ్ళి స్వామి దర్శనం. ఒంటిపూట. మధ్యాహ్నం భోజనం తర్వాత మళ్ళీ ఏదైనా తినడం మ్యాచ్ అయ్యాకే. మా అత్తగారు ఉప్పుపిండి చేసి గిన్నె మీద మూతపెట్టి మా అరుగు మీద ఉంచేవారు. "వొదినగారూ, పోపులో ఎండుమిరపకాయలు మట్టుకు వెయ్యకండి, పచ్చిమిరపకాయలు వెయ్యండి" అని మొదట్లోనే చెప్పేశారు. కడుపులో మంటేమో అనుకున్నాం. కాదు. ఏటి అవతలి ఊళ్ళో టీవీలో వచ్చే పెద్ద క్లబ్బు ఉంది, వాళ్ళవి ఎర్రచొక్కాలు. మనోళ్ళకి తాతల నాటి శత్రువులు. మ్యాచ్ రోజున ఎరుపు ఇంట్లోకి రాకూడదు. మా అత్తగారికి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక, "ఆయనకి బతుకులో ఇంకేవుందే, వెయ్యనులే" అన్నారు.

చరిత్ర చెప్పేటప్పుడు ఆయన ఓటమితో మొదలుపెట్టేవారు. ఆ క్లబ్బు అన్నిటికంటే ఘోరంగా ఓడిన మ్యాచ్ ఏది, ఆ రోజు గోలుకీపరు ఎందుకు ఏడ్చాడు, మర్నాడు రొట్టెల కొట్టువాడు అతని దగ్గర డబ్బు పుచ్చుకోకుండా ఎలా పంపాడు, ఇదంతా ముందు. అన్నిటికంటే పెద్ద గెలుపు ఏదని నేను అడిగితే తప్ప చెప్పేవారు కాదు. "గెలిచినవి అందరూ చెప్తారమ్మా. ఓడినవి గుర్తెట్టుకున్నోడే మనోడు" అనేవారు. ఓడీ ఓడీ కింది తరగతికి దిగిపోవడం అనేది ఆ ఆటలో ఒకటుంది. నాకు బుర్రకెక్కకపోతే, "టెన్తు తప్పినోణ్ణి తీసుకెళ్ళి తొమ్మిదిలో కూచోబెట్టినట్టు" అన్నారు. "మరి మనోళ్ళు ఇప్పుడు ఎన్నో తరగతండీ?" అంటే, "బళ్ళోనే ఉన్నారులే" అని నవ్వేశారు.

ఆ మైదానం ఏటి గట్టును ఆనుకుని ఉంటుందట. వరదొస్తే గోలు స్తంభాలు సగందాకా మునిగి, నీళ్ళమీద అడ్డకర్రలు మాత్రం కనిపిస్తాయట. మా లంకల్లో కొబ్బరిచెట్ల మొదళ్ళు మునగడం చూసి పెరిగిన మనిషికి అది కథ కాదు. "అచ్చం మన గోదారేనమ్మా, కాపోతే చల్లగా ఉంటాది" అనేవారు, కాళ్ళు తడుపుకుని వచ్చినట్టు. ఆయన ఒక్కసారి కూడా ఆ ఊరు చూడలేదు.

క్లబ్బును మిల్లు కూలీలు పెట్టారని ఆయన చెప్పేవారు. ఒకసారి ఫోనులో చూస్తే చర్చిలో పాడే కుర్రాళ్ళు పెట్టారని ఉంది. ఆ మాట చెప్పాను. "రాసినోడు ఆ ఊరోడా?" అన్నారు. ఏమో తెలియదన్నాను. "మా దొర ఆ ఊరోడు" అన్నారు, అంతటితో సరి.

ఇవన్నీ ఒక ఎత్తు. నేను చదవడం మొదలుపెట్టగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న స్కోరు గురించి కాదు. "జనం ఎంతమంది వచ్చేరో వేసేడేమో చూడమ్మా" అనేవారు. ఆట సగం దాటాక ఎక్కడో ఒక లైనులో ఆ లెక్క పడుతుంది. ఒకప్పుడు ఆ మైదానంలో గోడలెక్కి, చెట్లెక్కి చూశారట, అది క్లబ్బు రికార్డు. ఇప్పుడు సగం కుర్చీలు ఖాళీ. నేను అంకె చదవగానే ఆయన ఒక్క క్షణం ఆగి, "మనిద్దర్నీ కలుపు" అనేవారు. నేను ఇద్దర్ని కలిపి మళ్ళీ చదివేదాన్ని. అప్పుడు మఫ్లరు సర్దుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పు, గెలుస్తున్నారా?" అనేవారు.

మా ఆయన ఫోను రాని వారాలు కొన్ని ఉండేవి. అటువంటి వారం నా గొంతును బట్టి ఆయన కనిపెట్టేవారు. "దూరాన ఉన్నదాన్ని రోజూ తలుచుకుని చావకూడదమ్మా. వారానికోసారి గట్టిగా తలుచుకోవాలి" అనేవారు. నాకా కిటుకు ఆయనకి వచ్చినంత బాగా రాలేదు.

పోయిన రోజు అమలాపురం నుంచి ఆయన మేనల్లుడు వచ్చి అన్నీ తనే చూసుకున్నాడు. మంచివాడు. మామయ్యతో పాటు ఏమన్నా పెట్టాలా అని నన్నే అడిగాడు. మఫ్లరు తెచ్చి ఇచ్చాను. అది ఆయనతోనే వెళ్ళిపోయింది. ఆ శనివారం నేను ఫోను ముట్టుకోలేదు.

పెద్దకార్యం ముందు రోజున ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. మా వైపు ఫ్లెక్సీ లేకుండా పుట్టుకా లేదు, చావూ లేదు. తెల్లచొక్కాలో బాబాయి గారు నవ్వుతున్నారు. వెనకాల, ఆ చివర్నుంచి ఈ చివరి దాకా, ఎర్రచొక్కాల ఆటగాళ్ళు చేతులెత్తి గంతులు వేస్తున్నారు. వాళ్ళ గుండె మీది గుర్తు నాకు తెలుసు. ఏటి అవతలి వాళ్ళు.

"బాబూ, ఈ ఎర్రచొక్కాలు ఎవరు పెట్టమన్నారు?" అన్నాను మేనల్లుడితో.

"నేనేనక్కా. మావయ్యకి ఫుట్‌బాలంటే పిచ్చి కదాని, ఇంగ్లండోళ్ళని ఎయ్యమని చెప్పేను. బాగొచ్చింది కదండీ?"

"వీళ్ళు మావయ్యగారి టీము కాదు బాబూ. వీళ్ళంటే ఆయనకి పడదు. పోపులో ఎండుమిరపకాయ కూడా వెయ్యనిచ్చేవారు కాదు."

అతను ఫ్లెక్సీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అయ్యో, అలాగాండీ? రేపే కార్యం, ఇప్పుడు మళ్ళీ కొట్టించడం అవ్వదక్కా" అని, నన్ను ఓదార్చడానికే కాబోలు, "అయినా ఎవరికి తెలుస్తాదండీ?" అన్నాడు.

అతని తప్పేమీ లేదు. నిజమే చెప్పాడు. ఎవరికీ తెలియదు. ఆయన ఎవరి కోసం అన్నేళ్ళు మెడ మండించుకున్నారో ఈ ఊళ్ళో ఎరిగినదాన్ని నేనొక్కదాన్ని. నేనూరుకుంటే ఆయన ఎర్రోళ్ళ మనిషిగా ఉండిపోతారు. ఆ సంగతి నన్ను ఎంత ఒంటరిదాన్ని చేసిందో చెప్పలేను. పోయిన రోజు కంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చాను.

తర్వాత లేచి మిషను ముందు కూర్చున్నాను. నీలం లైనింగు గుడ్డ ఉంది, తెల్లది ఉంది. పట్టీలు చింపి, చార పక్కన చార కలిపి, ఫ్లెక్సీ వెడల్పుకి కుట్టాను. మేనల్లుడు మారు మాట్లాడకుండా నిచ్చెన వేసుకుని ఎక్కి కట్టాడు. బాబాయి గారి మొహం చుట్టూ వదిలేసి మిగతా ఎరుపంతా కప్పేశాం. కార్యానికి వచ్చినవాళ్ళు షామియానా వాళ్ళ డెకరేషను అనుకున్నారు. ఒకావిడ "రంగులు బాగున్నాయమ్మా, ఏ కొట్లో తెచ్చేరు?" అని కూడా అడిగింది.

అందరూ వెళ్ళిపోయారు. ఇంటికి తాళం పడింది. ఫ్లెక్సీ మాత్రం ఉంది. వాన పడితే గుడ్డ తడిసి అంటుకుని కింద ఎరుపు కనబడుతుంది, ఆరితే మళ్ళీ దాక్కుంటుంది. వాన వెలిసినప్పుడల్లా వెళ్ళి అంటుకున్న గుడ్డను లాగి దులుపుతున్నాను.

మొన్న శనివారం దీపాలు పెట్టాక అరుగు మీద కూర్చున్నాను. మా అత్తగారు ఉప్పుపిండి గిన్నె తెచ్చి, ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మూత తీసి చూస్తే పోపులో పచ్చిమిరపకాయలే ఉన్నాయి. ఫోను తెరిచాను. ఎవరూ గోలు కొట్టలేదు, ఎవరూ కొట్టేలా కూడా లేరు. చరిత్రలోకి ఎక్కే మ్యాచ్ కాదు. ఎదురుగా చీకట్లో నీలం చారలు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. పైకే చదువుతూ పోయాను, ఆయనకి వినబడేంత గట్టిగా.

ఆట సగం దాటాక జనం లెక్క పడింది. చదివాను. ఒక్క క్షణం ఆగాను. అటువైపు నుంచి మాటేమీ రాలేదు.

ఒకటి కలిపి మళ్ళీ చదివాను.