మడుగు దగ్గర పారబోసిన బిందె

పామిడి దర్జీ రహంతుల్లా గురించి ఊరు చాలా మాట్లాడింది. అందులో నిలిచే మాట తక్కువ. చేపల్లో వాటా తేలక పాతికేళ్ల స్నేహితుడితో తగవు పెట్టుకున్నాడన్నారు. నీళ్లలో చచ్చి తేలిన చేప తన మతానికి పనికిరాదని చెప్పి, వేరేవాళ్ల ఇంటి విందు చెడగొట్టాడన్నారు. గొర్రెలు కాచుకునే ఆడమనిషి నిండు బిందెను కాలితో తన్నాడన్నారు. స్నేహితుణ్ణి పోలీసులకు పట్టించాడని కూడా అన్నారు. ఈ చివరి మాటను అందరికన్నా గట్టిగా చెప్పినవాడు టీ అంగడి గోవిందప్ప. ఆ రోజు అతడు ఏటి వైపు పోనే లేదు.

అక్కడ ఉన్నది ముగ్గురే. బిందె మోసుకొచ్చిన మారెక్క, చేపలు ఏరుకున్న ఓబుళేసు, రహంతుల్లా. చిన్న చిన్న తేడాలున్నా, అసలు విషయంలో ముగ్గురూ చెప్పేది ఒకటే. దాన్నే ఇక్కడ చెప్పుకోవాలి.

వారమంతా మిషను మీద వంగి నైటీలు కుట్టే రహంతుల్లాకు నడుము నిటారుగా నిలిచేది ఆదివారం ఒక్కరోజే. ఆ రోజు తెల్లవారగానే తన పాత మోటారు సైకిలు బయటికి తీసి, ఊరి చివర టమాటా తోట పెట్టుకున్న ఓబుళేసు ఇంటి ముందు హారన్ కొట్టేవాడు. పెళ్లిళ్లు కాకముందు ఇద్దరూ ఈ బండి మీదే నడపడం నేర్చుకున్నారు, ఈ బండి మీదే పడి చెరొక మోకాలు పగలగొట్టుకున్నారు. హైవే మీద పోతే వాళ్లు చేపలు పట్టే పెన్న మడుగు ఎంతో దూరం లేదు. అయినా వాళ్లు ఏనాడూ హైవే ఎక్కలేదు. శనక్కాయ చేల మధ్య తారు లేచిపోయిన దారిలో, కానుగ చెట్ల నీడల్లోంచి, నెమ్మదిగా పోయేవారు. వెనక కూర్చున్న ఓబుళేసు గాలం కర్రలను జెండాల్లా నిలబెట్టి పట్టుకునేవాడు. అవి తుమ్మకొమ్మలకు తగిలినప్పుడల్లా ముందున్నవాణ్ణి తిట్టేవాడు.

"కండ్లు యాడ పెట్టినావు భాయ్? సూదిలో దారం ఎక్కిస్తావు గానీ గుంత కనపడదే నీకు."

"నీ బరువుకే పడతాండాదప్పా గుంత. ఈ దారి వేసినప్పుడు బాగానే ఉండె."

మడుగు చేరి, వానపామును గాలానికి గుచ్చి, నీళ్లలోకి వదిలి కూర్చునేవారు. ఓబుళేసు భార్య జయంతి కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని పొట్లం ఇద్దరి మధ్యా ఉండేది. చేప పడితే రాళ్ల మీద కాల్చుకుని తినేవారు. చాలా ఆదివారాలు పడేది కాదు. దానికి ఇద్దరిలో ఎవరూ బాధపడిన జాడ లేదు.

పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అక్కడక్కడ మడుగుల్లో నిలిచిన నీళ్లు గొర్రెలకూ పశువులకూ సరిపోతాయి. మనుషులు తాగేది చెలమ నీళ్లు. మడుగు పక్క ఇసుకలో మోకాలి లోతు గుంత తవ్వి, మొదట ఊరిన నీటిని చల్లేసి, తేటపడ్డాక కొబ్బరి చిప్పతో తోడి బిందెలో పోసుకుంటారు. మడుగు ఎంత పచ్చగా ఉన్నా చెలమ నీళ్లు అద్దంలా ఉంటాయి. ఇసుక దేన్నైనా వడగడుతుందని ఇక్కడివాళ్ల నమ్మకం. బురదను వడగట్టడం తరతరాలుగా కళ్లారా చూసినవాళ్లు వాళ్లు.

ఎండలు ముదురుతున్న ఆ ఆదివారం ఓబుళేసు ఎన్నడూ లేనంత హుషారుగా బండెక్కాడు. దారి పొడుగునా జోకులు వేశాడు. కూతురి అత్తగారివాళ్లు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారని, పెన్న చేప మూరెడు పొడుగుంటుందని వాళ్లతో చెప్పానని, ఈ రోజు దేవుడు తన మాట నిలబెడతాడని అన్నాడు. అతడి చొక్కా నుంచి పురుగుమందు వాసన వచ్చింది. టమాటాకు కొట్టి వచ్చాడేమోనని రహంతుల్లా అనుకున్నాడు.

మడుగు కనపడగానే బండి ఆపాడు. నీళ్ల మీద తెల్లటి పొట్టలు. పెద్దవి కొన్నే. మిగతావన్నీ వేలెడంత, గోరంత పిల్లలు, నోళ్లు తెరుచుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చి నురగలో ఇరుక్కున్నాయి. ఈగలు అప్పుడే ముసిరాయి. ఒక కప్ప వెల్లకిలా పడి ఇంకా కాళ్లు ఆడిస్తోంది.

"ఎండకు సచ్చినట్లుండాయి," అన్నాడు ఓబుళేసు. అంటూనే నడుముకు చుట్టుకున్న యూరియా సంచి విప్పాడు.

చేపలు పట్టడానికి గాలంతో వచ్చినవాడు సంచి ఎందుకు తెచ్చుకున్నాడో అడగనవసరం లేకపోయింది. చొక్కా మీది వాసనే నీళ్ల మీదా ఉంది. రహంతుల్లా ఒక అడుగు వెనక్కి వేశాడు. చచ్చిన చేపలను చూసి కాదు. చీకటితోనే వచ్చి మందు పోసి, ఇంటికి పోయి, హారన్ కొట్టేదాకా ఏమీ ఎరగనట్టు కూర్చుని, దారంతా తన వీపు వెనక నవ్వుతూ వచ్చిన మనిషిని చూసి.

"ఎంత పోసినావు?"

"టమాటాకు కొట్టంగ మిగిలిందే భాయ్. పెద్దవే ఏరుకుందాం. పసుపు, ఉప్పు పెట్టి కడిగితే ఏమీ ఉండదు."

"గొర్రెలు తాగే నీళ్లప్పా ఇవి."

"గొర్రెల్ని నేనే పైకి తోలిపిస్తా. ఏదో ఒకటి చెప్తాలే."

"మనుషులో?"

"వాళ్లు తాగేది చెలమ కదా. ఇసుక వడగడతాది."

అంతలో గట్టు మీది నుంచి మారెక్క దిగింది. ఆమె మొగుడు తిప్పయ్య మందను తోలుకుని వెనక వస్తున్నాడు. రోజూలాగే ఆమె నేరుగా చెలమ దగ్గరకు పోయి కూర్చుంది. మడుగు అటువైపు వంపులో ఉంది, అక్కడి నుంచి తేలిన చేపలు కనపడవు. మొదటి చిప్ప చల్లేసి, తోడడం మొదలుపెట్టింది. ఓబుళేసు అప్పటికే పెద్ద చేపలు ఏరి వేసుకున్న సంచి మూతి బిగించి, రహంతుల్లా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని.

"ఏమన్నా, సంచి బరువుగా ఉండాదే? చేపలు బాగా పడినాయా?" అంది ఆమె.

"నీ ఎదురు మంచిదక్కా," అని ఓబుళేసు నవ్వాడు.

ఆ నవ్వు రహంతుల్లా ఇప్పటికీ మరిచిపోలేదు. పాతికేళ్లుగా తన వెనక వినపడిన నవ్వు అదే. అదే గొంతు, అదే తీరు. దానిలో మార్పు ఏమీ లేకపోవడమే అతడికి రోత పుట్టించింది. బిందె నిండి ఆమె తలకెత్తుకోబోతుండగా పోయి, రెండు చేతులా పట్టుకుని పక్కకు వంచాడు. నీళ్లన్నీ ఇసుకలోకి ఇంకిపోయాయి.

"ఏమప్పా సాయిబూ, మతి గిన పోయిందా నీకు? నిండు బిందె ఎందుకు వంచినావు?"

"మడుగులో మందు కలిసిండాది మారెక్కా. ఓబుళేసు పోసినాడు."

ఆమె లేచి వంపు దాటి పోయి మడుగును చూసింది. తిరిగి వచ్చి ఓబుళేసు ఎదుట నిలబడింది.

"నేను తోడుతాంటే చూస్తా నిలబడినావు కదరా."

"చెలమకేమీ కాదక్కా. ఇసుక వడగడతాది. ఒట్టు."

ఆమె వంగి, చెలమలోంచి ఒక చిప్ప తోడి అతడి ముందుకు చాపింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

"అయితే తాగు."

ఓబుళేసు ఆ చిప్పను చూశాడు. రహంతుల్లాను చూశాడు. చెయ్యి మాత్రం చాపలేదు. ఆమె ఆ నీళ్లు అతడి కాళ్ల మీద పారబోసి, మందను ఆపమని మొగుణ్ణి కేకేస్తూ గట్టెక్కింది.

చెలమలోకి నిజంగా మందు చేరిందో లేదో ఎవరూ పరీక్ష చేయించలేదు. చేరి ఉండకపోవచ్చు కూడా. ఓబుళేసు ఎవరికీ కీడు తలపెట్టలేదన్నదీ నిజమే. చుట్టాల ముందు గొప్పకు పోయాడు, అంతే. కాని తాను తాగడానికి జంకిన నీళ్లను మరొకరు ఇంటికి మోసుకుపోతుంటే నవ్వుతూ నిలబడ్డాడు. అతడి నమ్మకం ఎంతటిదో ఆ చిప్ప దగ్గర తేలిపోయింది.

రహంతుల్లా మడుగు చుట్టూ, చెలమ మీదా తుమ్మకంప అడ్డం వేశాడు. ఏటికి దూరంగా ఎర్రనేలలో గుంత తీసి చేపలను పూడ్చాడు. ఓబుళేసు సంచి వదలలేదు.

"చుట్టాలొస్తారు భాయ్. ఒక్క నాలుగు చేపలు. నా మర్యాద పోతాది."

"నువ్వు ఎక్కు. సంచి ఎక్కదు."

చివరికి సంచి కూడా గుంతలోకే పోయింది. బండి ఈసారి హైవే మీదుగా వచ్చింది. ఇంటి ముందు దిగి ఓబుళేసు, "నా పేరు చెప్పకుండా ఉండొచ్చు కదప్పా, ఇన్నేండ్ల స్నేహం," అన్నాడు. రహంతుల్లా బండి తిప్పుకున్నాడు. తర్వాతి ఆదివారం ఆ ఇంటి ముందు హారన్ మోగలేదు. ఆ తర్వాతా మోగలేదు.

అతడు పోలీసులకు చెప్పలేదు, వాటా అడగలేదు, మతం మాట ఎత్తలేదు, బిందెకు కాలు తగిలించలేదు. ఒక బిందె నీళ్లు పారబోశాడు. ఎందుకు పారబోశాడో, ఆ నీళ్లను ఎవరు పాడుచేశారో, ఆ నీళ్లు తాగవలసిన మనిషికి చెప్పాడు. రహంతుల్లా చేసింది ఇంతే.