మూల సాంచె, ఒకే ఒక్క పాట

మా ఇంట్లో నన్ను అనుమానపు పక్షి అంటారు. ఆ బిరుదు ఊరికే రాలేదు. పాలవాడు నవ్వితే నీళ్ళు ఎక్కువ కలిపాడేమో అనుకుంటాను. నవ్వకపోతే రేటు పెంచబోతున్నాడేమో అనుకుంటాను. అందుకే కరోనా వచ్చి అందరూ బెంబేలెత్తిపోతుంటే, నాకు మాత్రం ఊరంతా చివరికి నా దారికి వచ్చిందనిపించింది. సూరత్ నవాగామ్‌లో మా గల్లీలో ఎవరైనా తుమ్మితే చాలు, కిటికీలు టపటపా మూసుకునేవి. మొహాలకు మాస్కులు. ఎదుటి మనిషి నవ్వుతున్నాడో పళ్ళు నూరుతున్నాడో తెలియదు. నాలాంటిదానికి అంతకన్నా మేత ఏం కావాలి?

మా బ్యాండు పేరు తెచ్చుకున్నదీ, మట్టిగొట్టుకుపోయిందీ ఆ మాస్కుల కాలంలోనే.

మేం ముగ్గురం. నేను బేస్ గిటారు. మామూలు గిటారు, పాట రెండూ చూసుకునేవాడు హజీరాలో ఓ పెద్ద కంపెనీ ఇంజనీరు గారబ్బాయి. వాళ్ళది కోస్తా, ఉండేది టౌన్‌షిప్‌లో. డ్రమ్స్ కొట్టేవాడు మా పక్క గల్లీ వాడు. వాళ్ళూ మాలాగే తెలంగాణ నుంచి సాంచాల పని మీద సూరత్ వచ్చినవాళ్ళు. సాంచె అంటే మరమగ్గం. వాడు నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అనీ మా నాన్నను కాకా అనీ పిలిచేవాడు. మా నాన్న ఖటోదరాలో ఒక కార్ఖానాలో సాంచాలు బాగుచేసే మెకానిక్.

మేం వాయించేది ఫంక్ రాక్. దాన్ని మా అమ్మకు వివరించడానికి నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. తల ఊపే పాట కాదమ్మా, నడుము ఊపే పాట అని చెప్తే, ఛీ అని లేచిపోయింది. టౌన్‌షిప్ క్లబ్బులో రెండుసార్లు వాయించాం. మొదటిసారి మా ముందు కుర్చీలు ఉన్నాయి గానీ మనుషులు లేరు. రెండోసారి మనుషులు ఉన్నారు గానీ అందరూ భోజనాల వైపు తిరిగి ఉన్నారు. అయినా మాకు ఆ పిచ్చి వదల్లేదు. ముఖ్యంగా నాకు. పొద్దస్తమానం అందర్నీ అనుమానించే మనిషిని, ఆ ఇద్దరితో వాయించేటప్పుడు మాత్రం ఎవర్నీ అనుమానించేదాన్ని కాదు. నా వేలు తీగ మీద పడే చోట డ్రమ్స్‌వాడి కాలు పెడల్ మీద పడుతుందని నాకు తెలుసు. లోకంలో నాకు అంత గట్టిగా తెలిసిన సంగతి మరొకటి లేదు.

లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి. సాంచాల మధ్య పెరిగినవాళ్ళం ఆ చప్పుడు వినం, ఊపిరిలాగా అది ఉంటుందంతే. ఆగినప్పుడే చెవులు గుయ్యిమన్నాయి. చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. మళ్ళీ కార్ఖానాలు కొద్దికొద్దిగా తెరిచినప్పుడు పనివాళ్ళు లేక, మా నాన్న పనిచేసే చోట మూలన ఉన్న ఒకే ఒక పాత సాంచె నడిచేది. కార్ఖానా యజమాని సేఠ్‌కు ఎక్కడో మాల్ ఇవ్వాల్సి ఉందట. మిగతా షెడ్డంతా ఖాళీ. ఇరుగుపొరుగు గొడవ లేని చోటు సూరత్ మొత్తంలో అదొక్కటే కనిపించింది మాకు. నాన్న సేఠ్‌ను బతిమాలి ఒప్పించాడు.

"అంకుల్, కాసేపు ఆ మెషీను ఆపుతారా? రికార్డింగులో వచ్చేస్తుంది," అన్నాడు గిటారు అబ్బాయి.

"ఆపుతే సేఠ్ నన్ను ఆపుతడు," అన్నాడు నాన్న.

ఇక చేసేదేముంది, సాంచె నడుస్తుండగానే ఫోన్‌లో రికార్డు చేశాం. మాస్కు తీసి మొహం చూపించమని ఒక పిల్లవాడు పిల్లను బతిమాలే పాట. తెలుగూ హిందీ గుజరాతీ కలగాపులగం. "మూతి జర చూపియ్" అన్నది పల్లవి. నవ్వుకుంటూ రాశాం, నవ్వుకుంటూ వాయించాం, నవ్వుకుంటూనే నెట్‌లో పెట్టాం.

అది ఎలా పాకిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కూరగాయల లారీ దగ్గర నిలబడితే లారీవాడి ఫోన్‌లో మేమే. వరాఛాలో వజ్రాలు సానపట్టే కుర్రాళ్ళు ఆ పాటకు మాస్కులు లాగి వదులుతూ గెంతే వీడియోలు కుప్పలుతెప్పలు. ఒక సొసైటీలో మేడల మీద ఎవరికి వాళ్ళు నిలబడి దానికి గర్బా ఆడారు. అందరూ మెచ్చుకున్నది ఒకటే, డ్రమ్స్. ఆ దెబ్బ పడాల్సిన చోట పడకుండా, ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. అక్కడే నడుము లాగేస్తుంది. వెనకాల ఆ యంత్రం చప్పుడు కూడా భలే ఉంది, ఏం వాయిద్యం అది అని అడిగారు. ముంబై నుంచి ఒక మ్యూజిక్ కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. రెండో పాట ఇదే ఊపులో ఉంటే మిమ్మల్ని తీసుకుంటాం, లేకపోతే జనం మర్చిపోతారు, తొందరపడండి అన్నాడు.

అప్పటినుంచి మొదలైంది నా రోగం.

ఒక ఇంటర్వ్యూలో గిటారు అబ్బాయి "నా బ్యాండ్" అన్నాడు. మన అనలేదు, నా అన్నాడు. ఆ ఒక్క మాటను నేను వారం పాటు నమిలాను. డ్రమ్స్‌వాడేమో ఫోన్ మోగితే చాలు, లేచి బయటికి పోయేవాడు. అంతకుముందు మా ముందే మాట్లాడేవాడు. ముంబై మనిషి వాణ్ణి ఒక్కణ్ణే పిలుస్తున్నాడని నాకు ఖాయమైపోయింది. ఎందుకు పిలవడు? ఊరంతా మెచ్చుకున్నది వాడి దెబ్బనే కదా. గిటారు పోతే ఇంకో గిటారు దొరుకుతుంది. బేస్ ఎవరికీ వినపడనే వినపడదు.

కార్ఖానా సెలవు రోజు రెండో పాటకు కూర్చున్నాం. జనానికి నచ్చిన చప్పుడు కదా అని ఆ మూల సాంచె నడపమని ఈసారి మేమే అడిగాం. నాన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి సాంచె పక్కన నాన్నా, డ్రమ్స్‌వాడూ మాస్కులు దించి గుసగుసలాడుతున్నారు. నాన్న చెయ్యి వాడి భుజం మీద ఉంది. నన్ను చూడగానే రెండు మాస్కులూ పైకి వెళ్ళాయి.

"ఏంది ముచ్చట?" అన్నాను.

"ఏం లేదక్కా," అన్నాడు వాడు.

ఏం లేదు అన్నవాళ్ళ దగ్గరే అంతా ఉంటుందని నా నమ్మకం. ముంబై పోవడానికి వాడు ముందు మా నాన్నను మంచి చేసుకుంటున్నాడనుకున్నాను.

నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించాను. పాట మొదలైంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అదే దాని జబ్బు. దెబ్బ పడాల్సిన చోటే పడుతోంది. నా వేలు ఆలస్యంగా వచ్చి చూస్తే అక్కడ వాడి కాలు లేదు, ముందే వెళ్ళిపోయింది. మళ్ళీ వాయించాం. మళ్ళీ అంతే. ఆ తర్వాతి సెలవులోనూ అంతే. సాంచె లేకుండా టౌన్‌షిప్‌లో ప్రయత్నించాం, పెళ్ళి బాజా ఇంతకన్నా నయం అనిపించింది.

"రేయ్, నీ చెయ్యి బిగుసుకుపోయిందిరా. ఆ పాటలో కొట్టినట్టు కొట్టమంటుంటే ఏంటి ప్రాబ్లం?" అన్నాడు గిటారు అబ్బాయి.

"గట్లనే కొడుతున్న," అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

"కావాలనే చెడగొడుతున్నావా?"

ఆ మాట గిటారు అబ్బాయి నోట్లోంచి వచ్చింది గానీ నా మనసులో అది ఎప్పుడో వేళ్ళూనుకుంది. డ్రమ్స్‌వాడు నా వైపు చూశాడు. నేను ఏదో ఒకటి అంటానని చూశాడు. నేను గిటారు తీగలు తుడుచుకుంటూ కూర్చున్నాను. వాడు పుల్లలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గిటారు అబ్బాయి నన్ను కూడా అనుమానించాడు. మీరిద్దరూ పక్కపక్క గల్లీలవాళ్ళు, మీలో మీరు ఏదో అనుకున్నారు అన్నాడు. నన్ను, అనుమానపు పక్షిని, ఇంకొకరు అనుమానించడం! ఆ కోపంలో నేనూ నాలుగు తగిలించాను. ఉన్నదాంట్లో నయమైన రికార్డింగు పంపితే ముంబై మనిషి చూస్తాం అన్నాడు. ఆ చూడటం ఎప్పటికీ కాలేదు. జనం మాస్కు పాట వదిలి ఇంకో పాట పట్టుకున్నారు. గిటారు అబ్బాయి బెంగళూరు పోయాడు. డ్రమ్మర్ చేతులెత్తేయడంతో మా బ్యాండు పోయింది అని అక్కడ ఎవరికో చెప్తే, అది వీడియోలో వచ్చింది. చూసి నిజమే కదా అనుకున్నాను.

రెండో దఫా కరోనా మా ఇంటిని పట్టుకుంది. తలుపు వేసుకుని పడి ఉన్నాం. రోజూ మా గడియకు ఒక టిఫిను డబ్బా వేలాడేది. డ్రమ్స్‌వాళ్ళ ఇంటి నుంచి. తలుపు సందులోంచి చూస్తే వాడు వెళ్ళిపోతూ కనిపించేవాడు. అప్పుడు కూడా, తినే అన్నం మీద ఒట్టు, వీడికి నాతో ఏం పని పడిందో అనుకున్నాను.

నాన్న కోలుకుని మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఆ డబ్బాల సంగతి ఎత్తాడు.

"మంచి పిలగాడు బిడ్డా. కని చెయ్యే సక్కగ లేదు. సాంచె నేనంత సాఫ్ చేసి ఇస్తే గూడ కొట్టలేకపాయె."

"సాంచె సాఫ్ చేసుడేంది?" అన్నాను.

నాన్న చెప్పాడు. చెప్తున్నంతసేపూ మొహం వెలిగిపోయింది. ఆ మూల సాంచెలో, నూలును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే తోలు పట్టా ఎప్పుడో అరిగిపోయింది. ఒక పక్క దెబ్బ ఆలస్యంగా పడేది. గుడ్డకేం నష్టం లేదని అలాగే నడిపించాడు. తీరా మా పాట ఊరంతా మోగేసరికి, చాయ్ బండి దగ్గర తోటి మెకానిక్‌లు పట్టుకున్నారు. సాంచె తెలిసినవాళ్ళకు అది వినగానే తెలిసిపోతుంది కదా. "నీ సాంచె కుంటుడు సూరత్ మొత్తం ఇంటున్నది" అని ఏడిపించారట. నాన్నకు తల కొట్టేసినట్టయింది. మా రెండో పాటలో ఆ వంక ఉండకూడదని, దొరకని కాలంలో ఎక్కడెక్కడో తిరిగి కొత్త పట్టా తెచ్చి, దాన్ని ఆడించే కర్ర మార్చి, సాంచెను కొత్తదాని లెక్క చేశాడు. మాకు చెప్పలేదు.

"నువ్వే గుర్తువడ్తవని చూసిన. నువ్వు గుర్తువట్టనే లేదు," అన్నాడు, కొంచెం చిన్నబుచ్చుకుని.

కంచం వదిలి లేచాను. కొంగు దులుపుకుని పక్క గల్లీకి వెళ్ళాను. డ్రమ్స్‌వాడు అప్పటికే ఒక సాంచాల కార్ఖానాలో పనికి కుదిరాడు. ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో మాస్కు వేసుకుని నిలబడ్డాడు.

"సాంచె మారిందని నీకెప్పుడు తెల్సింది?" అన్నాను.

వాడు ఒకసారి గల్లీ వైపు చూసి చెప్పాడు.

"మొదటి దెబ్బకే తెల్సిందక్కా. ఆ పాటల నేను కొట్టిందేం లేదు. సాంచె కుంటుకుంట పోయింది, దాని ఎనక నేను పోయిన. గంతే. గది సీద నడుస్తుంటే, నేనొక్కన్ని కుంటుదామన్నా కాలు వస్తలేదు. ఇంట్ల మస్తు కొట్టి చూసిన. రాలె."

"మరి చెప్పద్దారా? చెడగొడుతున్నవని అంటుంటే నోరు మూసుకుని కూసున్నవేంది?"

"కాక నన్ను పక్కకు పిలిచి, ఎట్లున్నది సాంచె అన్నడు. మస్తున్నది కాకా అన్న. బిడ్డకు చెప్పకు, తనే గుర్తువడ్తది అన్నడు. గంత సంబురపడుతుంటే నీవల్లనే పాట పోయిందని ఎట్ల చెప్తమక్కా?"

"ఆ ఫోన్లు?"

"ఏ ఫోన్లు?" అన్నాడు. తర్వాత గుర్తుచేసుకుని, "మా అమ్మది. దగ్గు గోలీల కోసం చేసేది. మీ ముంగట దగ్గుల ముచ్చట మాట్లాడితే భయపడ్తరని బయటికి పోయేటోన్ని," అన్నాడు.

నాకు వాడి మీద పట్టరాని కోపం వచ్చింది. చెంప పగలగొట్టాలనిపించింది. వెంటనే ఏడుపు వచ్చింది. బెంగళూరుకు ఇప్పుడే ఫోన్ చేస్తాను, నిన్ను అన్న మాట వాడిచేతే వెనక్కి తీయిస్తాను అన్నాను.

"వద్దక్కా. ఆయన వీడియోల చెప్తడు. ఖటోదరాల అందరు చూస్తరు. కాక ఇంటడు." తలుపు చెక్క పట్టుకుని అన్నాడు. "మీ నాయిన మళ్ల చాయ్ బండి కాడ తలెత్తుకొని నిలబడద్దా?"

నేను ఇంటికి తిరిగి వచ్చాను. నాన్న చేతులు కడుక్కుని, పనికి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఏమన్నడు పిలగాడు?" అన్నాడు.

"నిన్ను అడిగిండు," అన్నాను.

"అడుగుతడు. మంచోడే," అన్నాడు నాన్న. "జర చెయ్యి సాఫ్ చేసుకొమ్మని చెప్పు. సాంచె నేను ఇంకా అట్లనే మంచిగ చూసుకుంటున్న."

చెప్తాను అన్నాను.