రబ్బరు డ్రమ్ములాయన

దగ్గరికొచ్చి కూర్చోండి, రైల్లో కలిసిన ఒకాయన సంగతి చెప్తా.

ల్యాప్‌టాప్‌ను వింతగా చూసే రోజులవి. హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే, ఎదుటి సీట్లో ఒకాయన పక్కన ల్యాప్‌టాప్, ఒళ్లో దానికి వైరుతో తగిలించిన రబ్బరు ప్యాడ్లు పెట్టుకోని స్టిక్కులతో కొడతాండాడు. బయటికి టపటప తప్ప ఏమీ లేదు. అసలు డ్రమ్ముల మోత కంప్యూటరు నుంచి హెడ్‌ఫోన్లలోకి పోతాదంట.

"ఏమప్పా, యాడికి?" అంటి.

"ధర్మవరానికక్కా. సాయంత్రం ఆర్కెస్ట్రావాళ్లకు వాయించి చూపించాల. నచ్చకుంటే ఇంకొకర్ని పెట్టుకుంటారు. డ్రమ్ముల సాఫ్ట్‌వేర్లు మూడుండాయి, అన్నీ బాగనే మోగుతాండాయి. దిగేలోగా ఒకటి తేల్చాల్సిందే."

మా నాయన పెండ్లి బ్యాండులో డోలు కొట్టేవాడు. ఊరేగింపు సావు జరిగిన ఇంటి ముందర పోయేటప్పుడు, తాళం తప్పకుండా చప్పుడు బాగా తగ్గించేవాడు.

ఆ సంగతి చెప్పి, "సావింటి ముందర కొట్టినట్ల కొట్టప్పా" అంటి.

ఆయన నవ్వి, హెడ్‌ఫోన్లు నాకు పెట్టి, మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టినాడు. మొదటిది ఎంత మెల్లగ కొట్టినా అరిచింది. రెండోది పలకనే లేదు. మూడోది గుసగుసలాడింది. మా నాయన చెయ్యి గుర్తొచ్చి, "ఇదే" అంటి.

పెనుకొండ రాకముందే తక్కిన రెండూ కంప్యూటర్లోంచి తీసేసినాడు.

"మళ్లా మనసు మారితే?"

"మారకూడదనే తీసేసినా అక్కా."

ధర్మవరంలో దిగిపాయ. పని దొరికిందో లేదో తెలీదు. నేను మాత్రం ఇప్పటికీ ఊరేగింపు వస్తే, మోత యాడ తగ్గుతాదోనని చెవి పెడతా.

మీ ఇల్లు చల్లగుండాల. మీ గడప ముందర మేళం ఎప్పుడూ గట్టిగానే మోగాల.